పిక్కలో పుట్టిన పుకారు

మా ఊళ్ళో నేను పంచాయతీ ఎలక్షన్‌లో నిలబడబోతున్నానన్న పుకారు నా ఎడమ పిక్కలో పుట్టింది. అది ఎట్లా పుట్టిందో, ఎట్లా పెరిగిందో, చివరికి నన్ను హోసూరు ఆసుపత్రి బల్ల మీద ఎట్లా పడుకోబెట్టిందో ఇప్పుడు తీరుబడిగా రాయగలుగుతున్నాను. కాలు నాతోనే ఉంది కాబట్టి ఈ తీరుబడి. అది పోయి ఉంటే ఈ కథ ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేవాళ్ళు, అదీ సగం తప్పులతో. తప్పు కనిపిస్తే దిద్దకుండా వదిలేయడం నాకు చేతకాదు.

తమిళనాడు కొసన వేప్పనపల్లి పక్క పల్లెలో, తెలుగు బడిలో చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పేరు రాజమ్మ. ఊరందరికీ టీచరమ్మను. మా ఆయన నారాయణప్ప మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మా వైపు మేనమామను చేసుకోవడం మామూలే కాబట్టి పెళ్ళికి ముందూ, పెళ్ళి తర్వాతా నాకు ఆయన మామే. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగానని ఇప్పటికీ నలుగురిలో చెప్పి నా పరువు తీస్తుంటాడు. ఆయనకు మామిడి తోట ఉంది, రెండు ఆవులు ఉన్నాయి. మాకు ఒక్కతే కూతురు సుధ. హోసూరులో మోటారు విడిభాగాలు చేసే కంపెనీలో, తయారైన సరుకు బాగుందో లేదో చూసే ఉద్యోగం.

పొద్దున్నే పాల క్యాను పట్టుకుని ఊరి అవతలి చివరనున్న పాల సొసైటీకి పోవడం నా పని. నా నడకకు ఊళ్ళో పేరుంది. బడి రోజుల్లో నేను వీధి మలుపు తిరిగానంటే గోలీలాడే పిల్లలు గోలీలు వదిలేసి పారిపోయేవాళ్ళు. దారిలో ఎవరు పలకరించినా తల ఊపి ముందుకు పోవడమే. గడపల మీద కూర్చుని ఊరి సంగతులు నెమరేసే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. ఉన్నవాళ్ళ మీద మంచి అభిప్రాయమూ లేదు.

పూత కాలం

మామిడి పూత నిండుగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున మునియమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి నా ఎడమ పిక్కను ఎవరో తడి గుడ్డను పిండినట్టు పిండారు. అడుగు పడలేదు. ఆగాను. కాసేపటికి నొప్పి వచ్చినట్టే పోయింది. మళ్ళీ బయలుదేరితే రాగుల మిల్లు దగ్గర అదే పిండడం. అక్కడా ఆగి పోతే గోవిందప్ప ఇంటి కాంపౌండు దగ్గర మళ్ళీ అదే.

మరునాడూ అంతే. ఆ మూడు చోట్లే. నిలబడితే పోతుంది, నడిస్తే వస్తుంది.

ఇందులో నొప్పి కంటే సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. "నడవండమ్మా, నడిస్తే చక్కెర జబ్బు కూడా దారికొస్తుంది" అని ఊరందరికీ ఉపదేశం చేసినదాన్ని నేనే. నాకూ చక్కెర ఉంది, నడకతో దాన్ని లొంగదీశానని చెప్పుకు తిరిగేదాన్ని. అలాంటి మనిషి నడిరోడ్డు మీద కొంగలా ఒంటికాలి మీద నిలబడితే ఏం బాగుంటుంది? అందుకని ఆగిన చోటల్లా ఏదో పని మీద ఆగినట్టు నటించాను.

మునియమ్మ ఒంటరి ముసలావిడ. వాకిలి ఊడుస్తూ ఉంది. "ఏమమ్మా మునియమ్మా, బాగుండావా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. "నన్నేనా టీచరమ్మా అడిగేది?" అంది. తర్వాత చీపురు కింద పెట్టేసి, "ఎవరన్నా పోయినారా ఏమి?" అంది భయంగా.

మిల్లు దగ్గర మిల్లతని తల్లి మోకాళ్ళ సంగతి అడిగాను. అతను రాగులు పోయడం మరిచిపోయి నా వైపే చూశాడు. గోవిందప్ప కాంపౌండు దగ్గర అడగడానికి మనిషి దొరకలేదు. ఏదో ఒకటి చూస్తూ నిలబడాలి కదా అని రోడ్డు పక్క మురుగు కాలువలోకి చూశాను. రోజూ అదే కాలువ, రోజూ అదే చూపు. ఒకరోజు అటుగా పోతున్నవాళ్ళు "ఏం చూస్తాండావు టీచరమ్మా?" అంటే, "ఈ కాలువ ఎత్తించి ఎన్నాళ్ళయింది?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆ ఒక్క మాటతో నా కొంప మునిగింది. గోవిందప్ప భార్య మా ఊరికి ప్రెసిడెంటుగా చేసింది. చేసింది అంటే సంతకాలు ఆమెవి, మిగతాదంతా గోవిందప్పది. మళ్ళీ ఎలక్షన్ వస్తుందని అప్పటికే ఊళ్ళో మాట నడుస్తోంది. ఎన్నడూ ఎవరినీ పలకరించని టీచరమ్మ ఇల్లిల్లూ ఆగి బాగోగులు అడుగుతోందంటే, కాలువలు చూస్తోందంటే దానికి ఒకే అర్థం ఉంది.

రెండు వారాలు తిరగకుండానే గోవిందప్ప అరటిపళ్ళ హస్తం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మనసులో ఏమన్నా ఉంటే నాకు చెప్పండి టీచరమ్మా. మనలో మనకు పోటీ యాల?" అన్నాడు. నేను ఏమీ లేదన్నాను. పెద్ద నాయకులంతా మొదట అలాగే అంటారని ఆయనకు తెలుసు. నిట్టూర్చి పోయాడు. పళ్ళు మాత్రం ఉంచి పోయాడు.

ఆయన గేటు దాటగానే మామ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"ఊరంతా తెలిసినాది, నాకొక్కడికి చెప్పలేదు," అన్నాడు. "నేనేమన్నా వద్దంటానా? మామిడికాయ గుర్తు ఇస్తారేమో అడిగి చూద్దామని కూడా అనుకుంటి."

ఇక దాచడం కుదరలేదు. "ఎలక్షనూ లేదు, గుర్తూ లేదు మామా. కాలు నొస్తా ఉండాది. అందుకే ఆగతా ఉండాను," అన్నాను. ఆయన కాసేపు నా కాలు వైపు, కాసేపు అరటిపళ్ళ వైపు చూశాడు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాడు. తర్వాత వైద్యం మొదలుపెట్టాడు.

ఉగాది దాటాక

మా వైపు కాలికి ఏం వచ్చినా అది సుళుకే, అంటే బెణుకే. జారితే సుళుకు, బరువెత్తితే సుళుకు, ఏమీ చేయకపోయినా సుళుకు. సుళుకుకు నూనె రుద్దాలి. నూనెకు లొంగకపోతే ఉప్పు కాపడం పెట్టాలి. దీనికి డాక్టరు దగ్గరికి పోయేవాడు చేతగానివాడు.

మామ నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి తోమాడు. ఆవులను కడిగే మనిషి కాబట్టి గట్టిగానే తోమాడు. ప్రయోజనం లేదు. అప్పుడు బాండలిలో కల్లుప్పు వేయించి, నా పాత చీర ముక్కలో మూట కట్టి, పిక్క నుంచి పాదం దాకా కాపడం పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి సాయంత్రం పశువుల పని అయ్యాక కింద కూర్చునేవాడు. పాదం మాత్రం చేత్తో పట్టుకునేవాడు కాదు. మేనమామ మేనకోడలి కాళ్ళు పట్టుకోకూడదు, మొగుడు పెళ్ళాం కాళ్ళు అంతకంటే పట్టుకోకూడదు. ఈయన రెండూ. నూనె తోమడం పిక్క దాకానే సాగింది, పాదం దగ్గర మూటే తగిలేది.

"వేడి సరిపోతాందా?" అని అడిగేవాడు.

"పాదం దగ్గర ఏమీ తెలీలేదు మామా. ఇంకొంచెం కాచు," అనేదాన్ని.

ఆయన మళ్ళీ కాచేవాడు. నేను మళ్ళీ చాలదనేదాన్ని. ఏళ్ళ తరబడి చక్కెర ఉన్న పాదానికి వేడి తెలియదని, పిల్లలకు ఆరోగ్య సూత్రాలు వల్లె వేయించిన నాకు తెలియలేదు. మరునాడు స్నానానికి కూర్చున్నప్పుడు బొటనవేలి మీద బొబ్బ కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం మంచిదే అనుకున్నాను. ఇది చదివేవాళ్ళు ఎవరైనా చక్కెర ఉన్నవాళ్ళైతే ఇక్కడ ఒకసారి ఆగి నా మాట వినండి. కాలికి వేడి కాపడం పెట్టుకోవద్దు. రోజుకొకసారి మీ పాదాలను మీరే చూసుకోండి. నడిస్తే వచ్చి నిలబడితే పోయే నొప్పి సుళుకు కాదు.

బొబ్బ చితికింది. దానికి పసుపు అద్దాను. మా ఇంట్లో పసుపు అద్దని గాయం లేదు. అంతలో మామిడి కోత వచ్చిపడింది.

కోత కాలం

కోతల్లో మా వైపు మనుషులకు ఒళ్ళు తెలియదు. కాయ దించడం, తొట్లలో సర్దడం, లారీ కోసం కాచుకోవడం, గుజ్జు ఫ్యాక్టరీ వాడు ఈ రోజు కాయ తీసుకుంటాడా లేదా అని ఫోన్లు చేయడం. నేను తోటలో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, వేలికి గుడ్డ చుట్టుకుని. అది మానడం లేదని నాకు తెలుసు. రంగు మారుతోందని కూడా తెలుసు. చెబితే కోత ఆగిపోతుందని ఊరుకున్నాను.

ఒక ఆదివారం సుధ వచ్చింది. వచ్చిన పది నిమిషాలకు "ఆ గుడ్డ విప్పు" అంది. విప్పాను. కంపెనీలో రోజంతా సరుకును తిప్పి చూసి పక్కకు తోసేయడమే దాని పని. అదే చూపుతో నా వేలిని అటూ ఇటూ చూసింది.

"ఇది పాస్ కాదమ్మా," అంది. తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగి, "ఇది ఎట్లయినాది?" అంది.

 మామ వంటింట్లో గోడకు తగిలించిన బాండలి వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఆ బాండలి పొయ్యి మీదికి ఎక్కలేదు. ఎక్కడికి పోయిందో కూడా నాకు తెలియదు.

మరునాడు కృష్ణగిరిలో ఒక డాక్టరు దగ్గరికి పోయాం. వెయిటింగ్ హాల్లో నా పక్కన కావేరిపట్టణం పెద్దాయన ఒకడు కూర్చున్నాడు. ఆయన కుడికాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. లుంగీ అక్కడ మడిచి ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను.

"దొంగతనంగా చూసేది ఎందుకమ్మా, బాగా చూడు," అన్నాడాయన నవ్వుతూ. "నాకూ వేలితోనే మొదలైనాది. చేను పని అయిపోయినాక పోదాంలే అనుకుంటి. చేను పని యాడన్నా అయిపోతాదా?"

గుడ్డ చుట్టిన వేలిని చీర కుచ్చిళ్ళ కింద దాచుకున్నాను. ఆయన అది గమనించాడేమో, తన టోకెన్ నా చేతిలో పెట్టాడు. "నువ్వు ముందు పో తల్లీ. నాకు ఇంగ తొందరేమి, పోయేది పోయినాది," అన్నాడు. వద్దన్నా వినలేదు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. మనుషులను పలకరించే అభ్యాసం అప్పుడప్పుడే మొదలైంది కదా, ఇంకా పేర్లు అడిగే దాకా రాలేదు.

డాక్టరు నా పాదం పైన వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికాడు. పాదంలో కూడా నాడి కొట్టుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. కుడి పాదంలో దొరికింది. ఎడమ పాదంలో దొరకలేదు. ఆయన వేళ్ళు జరిపి జరిపి మళ్ళీ వెతికాడు. చివరికి, కాలికి పోయే రక్తనాళం మూసుకుపోయిందని, వెంటనే హోసూరు తీసుకుపొమ్మని చెప్పాడు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ ఆ జత వైపు చూశాను. కొత్తవి, ఉగాదికి కొన్నవి. వీటిలో ఒకటే అవసరమయ్యే రోజు వస్తే రెండోది ఎక్కడ పెట్టుకోవాలి అన్న ఆలోచన వచ్చింది. అంతే, అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. నా శిష్యుడొకడు ఆ దారిన పోతూ నన్ను గుర్తుపట్టి, మర్యాదగా ముఖం తిప్పుకుని పోయాడు. మంచి పిల్లవాడు.

ఆడి నెల

హోసూరు డాక్టరమ్మ చిన్న వయసుది. ఆమె మాట తమిళంలో మొదలై తెలుగులో ముగిసేది. స్కాన్ బొమ్మ చూపిస్తూ, తొడ నుంచి కిందికి పోయే పెద్ద నాళం మూడు చోట్ల సన్నబడిందని చెప్పింది. మూడు చోట్ల అనగానే నాకు మా వీధి కనిపించింది. ఇది మునియమ్మ ఇల్లు, ఇది రాగుల మిల్లు, ఇది గోవిందప్ప కాంపౌండు అని మనసులో పేర్లు పెట్టుకున్నాను.

మామ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తోటలో నీళ్ళు పారే డ్రిప్ పైపులో ఉప్పు పట్టినట్లా అమ్మా?"

"అట్లే అనుకోండి."

"అట్లయితే మేము ఆసిడ్ పోసి ఒక పూట వదిలేస్తాం. తర్వాత పైపు చివర తీసి నీళ్ళు విడిస్తే అంతా కొట్టుకుపోతాది."

డాక్టరమ్మ నవ్వలేదు. "కాలికి చివర తీసే అవసరం రాకూడదనే అప్పా, ఈ పని చేస్తా ఉండేది," అంది.

 ఆమె మిగతాది నెమ్మదిగా చెప్పింది. కోసి తెరవడం ఉండదు. గజ్జల దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి తీగ లోపలికి పంపి, మూసుకున్న చోట చిన్న బుడగను ఉబ్బిస్తారు. అవసరమైతే అక్కడ జాలీ గొట్టం లాంటిది ఉంచేస్తారు. నాళం తెరుచుకుంటే వేలికి రక్తం అంది పుండు మానుతుంది. తెరుచుకోకపోతే వేలు పోతుంది, వేలితో ఆగుతుందన్న హామీ లేదు.

ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. మా వదిన కుప్పం నుంచి చేసింది. ఆషాఢం లాగే మా వైపు ఆడి నెల కూడా మంచి పనులకు పనికిరాదు. "ఆడి నెలలో కొత్త పని మొదలుపెడతారా ఎవరన్నా? నెల పోనీండి," అంది.

మామ ఫోన్ లాక్కున్నాడు. "కొత్త పని కాదమ్మా. ఇది పాత కాలే," అని పెట్టేశాడు.

చికిత్స రోజు పొద్దున నన్ను చక్రాల కుర్చీలో తోసుకుపోయారు. భయం వేసింది. ధైర్యం నటించే ఓపిక కూడా లేనంత భయం. బల్ల చల్లగా ఉంది, గది ఇంకా చల్లగా ఉంది. మత్తు గజ్జల దగ్గరే ఇచ్చారు కాబట్టి నాకు మెలకువ ఉంది. పక్కన తెర మీద నా కాలి నాళం ఎండిన చెట్టుకొమ్మలా కనిపించింది. డాక్టరమ్మ పని చేస్తుంటే ఆమె సహాయకులు ఇద్దరు, మధ్యాహ్నం బిర్యానీ ఎక్కడి నుంచి తెప్పించాలన్న విషయం మీద తమిళంలో వాదించుకున్నారు. ఒకడు బస్టాండు దగ్గరిదే మేలంటాడు, ఇంకొకడు కాదంటాడు. నా ప్రాణం మీదికి వచ్చి ఉంటే వీళ్ళకు తిండి గుర్తొచ్చేది కాదు కదా అని నాకు చెప్పలేనంత ఊరట కలిగింది. వాళ్ళ వాదన ఆగిన క్షణంలోనే నాకు భయం వేసేది.

రంగు మందు వదిలినప్పుడు తొడ లోపల వేడి నీళ్ళు జారినట్టయింది. "ఇప్పుడు కొంచెం నొప్పి వస్తాది," అంది డాక్టరమ్మ. బుడగ ఉబ్బింది. పిక్కలో అదే నొప్పి, తడి గుడ్డ పిండే నొప్పి. మునియమ్మ ఇల్లు, అనుకున్నాను. తగ్గింది. మళ్ళీ వచ్చింది, రాగుల మిల్లు. మూడోది గట్టిగా మొండికేసింది. గోవిందప్ప కాంపౌండు కదా, మొండికేయక ఏం చేస్తుంది. అక్కడే జాలీ గొట్టం పెట్టారు. తెర మీద ఎండు కొమ్మ కొసదాకా నల్లటి గీత పారింది. "పాత్తీంగళా అమ్మా?" అంది డాక్టరమ్మ. చూశాను. తల ఊపాను.

వార్డులో పడుకోబెట్టి, సాయంత్రం దాకా కాలు కదపొద్దని చెప్పారు. నర్సు మామను పిలిచి, "రెండు కాలుమ్ ఒరే సూడా ఇరుక్కా, అప్పప్ప పారుంగ అయ్యా," అంది. రెండు కాళ్ళూ ఒకేలా వెచ్చగా ఉన్నాయా లేదా అని అప్పుడప్పుడు చెయ్యి పెట్టి చూడాలి, ఎడమది చల్లబడితే వెంటనే పిలవాలి.

మామ కదలలేదు. వార్డు నిండా జనం. ఎదురు మంచం వాళ్ళు, వాళ్ళను చూడ్డానికి వచ్చిన వాళ్ళు, అందరూ మా వైపే చూస్తున్నారు.

"సుధ వచ్చినాక చూస్తాదిలేమ్మా," అన్నాడు.

"ఆమె మందులు తేను పోయినాది. ఇప్పుడు ఎవరు చూస్తారు?" అంది నర్సు, ఈసారి తెలుగులోనే.

నేను కాలు వెనక్కి తీసుకోబోయాను. నర్సు గట్టిగా అరిచింది, "కదపొద్దు అంటిని కదా." బడిలో నేను కూడా అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. కాలు ఉన్నచోటే ఉండిపోయింది.

మామ మంచం చివర నిలబడి తన చేతులు చూసుకున్నాడు. "ఈ చేత్తోనే కదా కాల్చింది," అన్నాడు. నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు. వంటింట్లో బాండలి ఎందుకు కనిపించకుండా పోయిందో అప్పుడు అర్థమైంది. ఇన్ని రోజులు ఆయనను కొరుకుతున్నది కులాచారం కాదు, పరువూ కాదు.

"నేనే కదా మామా ఇంకా కాచమనింది," అన్నాను. "పెట్టు చెయ్యి. చూడు."

ఆయన కుడి పాదం మీద ఒక చెయ్యి పెట్టాడు. తర్వాత ఎడమ పాదం మీద రెండోది పెట్టాడు. కళ్ళు మూసుకుని, పండిందో లేదో కాయను చూసినట్టు చాలాసేపు అట్లాగే ఉన్నాడు. "వెచ్చగా ఉండాది," అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తీయాలి, తీయడం ఇష్టం లేదు. అందుకని కన్నీళ్ళు అలాగే కారనిచ్చాడు. మామ ఏడవడం మా అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే.

పక్క మంచం ఆమె ఇదంతా చూసి, తన మొగుణ్ణి కన్నడంలో గదమాయించింది. "నిమగేను, కణ్ణు కాణల్వా? నన్న కాలూ నోడి," అంది, మీకు కళ్ళు కనబడవా, నా కాళ్ళూ చూడండి అని. ఆమెది పిత్తాశయంలో రాళ్ళ కేసు. కాళ్ళతో ఏమీ సంబంధం లేదు. అయినా ఆయన పాపం లేచి చూశాడు.

మళ్ళీ పూత

వేలు మానడానికి నెలలు పట్టింది. గోరు పోయింది, వేలు మిగిలింది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాను. మామకు మాత్రం ఒక అలవాటు అంటుకుంది. ప్రతి పొద్దునా నేను చెప్పులు వేసుకునే ముందు కిందికి వంగి రెండు పాదాలూ ముట్టి చూస్తాడు. అవసరం తీరిపోయిందని డాక్టరమ్మ చెప్పినా మానలేదు. అయితే ఇదంతా తలుపు వేసి ఉన్నప్పుడే.

పాల క్యాను మళ్ళీ నా చేతికి వచ్చిన రోజు నేను వీధిలోకి దిగాను. మునియమ్మ ఇల్లు వచ్చింది, నొప్పి రాలేదు. మిల్లు వచ్చింది, రాలేదు. గోవిందప్ప కాంపౌండు దాటుతుంటే నాకు రెక్కలు వచ్చినట్టయింది. ఎక్కడా ఆగలేదు, ఎవరి వైపూ చూడలేదు. గోలీలాడే పిల్లలు గోలీలు వదిలేసి పారిపోయారు. ఆ వారమంతా అదే ఊపు.

గోవిందప్ప ఒక్కడు సంతోషించాడు. మిగతా ఊరు నొచ్చుకుంది. మిల్లతని తల్లి మోకాళ్ళ నొప్పులు ఇప్పుడు ఎక్కువయ్యాయట, కానీ నాకు చెప్పడానికి నేను ఆగితే కదా. "గెలిచేది లేదని తెలిసి మాట్లాడేది మానేసినట్లుండాది," అన్నారట ఎవరో. నాకు నవ్వొచ్చింది.

నిన్న పొద్దున కొంచెం ఆలస్యమై, హడావిడిగా బయలుదేరాను. మునియమ్మ ఇంటి ముందు గోడ పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాని మీద మూత పెట్టిన చెంబు. వారం నుంచీ అది అక్కడే ఉందని, నేను చూడకుండా పోతున్నానని అప్పుడు తట్టింది. దాటిపోయినదాన్ని వెనక్కి వచ్చాను.

"ఇది ఎవరికమ్మా?" అన్నాను.

మునియమ్మ ఊడ్చడం ఆపలేదు. "నీకే. నువ్వు ఆసుపత్రికి పోయినప్పటి నుంచి పెడతానే ఉండాను. ఒక్క పొద్దూ ఎత్తలేదు. వస్తావులే అనుకుంటి," అంది. తర్వాత, "కాలు బాగయినాది, మంచిదే. ఇంగ నాతో ఏం పనుంటాది నీకు?" అంది.

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. పిక్కలో నొప్పి ఏమీ లేదు. చెంబు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఆమె రాత్రి వండిన ఉలవచారు సంగతి మొదలుపెట్టింది, ఎక్కడెక్కడికో పోయింది. పాలు ఆలస్యమవుతున్నాయని తెలిసినా లేవలేదు.

అంతలో మామ మోపెడ్ వచ్చి ఆగింది. ఏదో మరిచిపోయి వచ్చాననుకున్నాను. "ఈ పొద్దు కాళ్ళు చూపించకుండానే వచ్చేసినావు," అన్నాడు. మోపెడ్ స్టాండ్ వేశాడు. మిల్లు దగ్గర రాగుల మూటలతో నలుగురు నిలబడి ఉన్నారు, కాంపౌండు గేటు దగ్గర గోవిందప్ప పళ్ళు తోముకుంటున్నాడు. మామ వాళ్ళందరి ముందు రోడ్డు మీద గొంతుకూర్చుని, నా చెప్పులు విప్పి, రెండు పాదాల మీదా చేతులు పెట్టాడు.  గోవిందప్ప నోట్లో బ్రష్షు అట్లాగే ఉండిపోయింది.

"రెండూ ఒకటే," అన్నాడు మామ, ఓట్లు లెక్కపెట్టిన ఆఫీసరు చెప్పినట్టు, అందరికీ వినిపించేలా.

నేను కాలు వెనక్కి తీసుకోలేదు. ఆ వేలికి ఇప్పటికీ వేడీ చలీ సరిగా తెలియవు. ఆ చెయ్యి ఎక్కడుందో మాత్రం తెలుస్తూనే ఉంది.